అమెరికా నేర న్యాయవ్యవస్థ: ఒక కేసు ద్వారా పరిచయం

కావలి, అల్లూరు, ముత్తుకూరు వైపు నుంచి ఈ కోర్సు చదువుతున్న మీలో చాలామందికి అమెరికాలో అన్నో, మేనకోడలో, పక్కింటి అబ్బాయో ఉండే ఉంటారు. ఆ దేశపు కోర్టుల గురించి మనకు తెలిసింది మాత్రం ఎక్కువగా సినిమాల నుంచి వచ్చినదే. పన్నెండుమంది జ్యూరీ, అనర్గళంగా వాదించే లాయరు, చివరి క్షణంలో వచ్చే సాక్షి. వాస్తవంలో అక్కడి క్రిమినల్ కేసుల్లో అత్యధిక భాగం జ్యూరీ దాకా వెళ్లవు. ఈ పాఠం చదివిన తరువాత, అమెరికాలో ఒక నేరం ఏయే అధికారుల చేతుల మీదుగా నడుస్తుందో, ఆ పద్ధతి మన పద్ధతికి ఎక్కడ భిన్నమో మీరు వివరించగలగాలి. ఇందుకు తెలుగువారందరికీ బాధ కలిగించిన ఒక కేసును ఆధారంగా తీసుకుందాం.

కేసు పూర్వాపరాలు

2017 ఫిబ్రవరి 22న కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేతా పట్టణంలో ఒక బార్‌లో కాల్పులు జరిగాయి. గార్మిన్ సంస్థలో ఇంజనీరుగా పనిచేస్తున్న హైదరాబాదు వాసి కూచిభొట్ల శ్రీనివాస్ (32) మరణించారు. ఆయనతో ఉన్న తెలుగు మిత్రుడు గాయపడ్డారు. దుండగుణ్ణి ఆపబోయిన స్థానిక అమెరికన్ యువకుడు కూడా గాయపడ్డాడు. కాల్చినవాడు ఆడమ్ ప్యూరింటన్. 'నా దేశం నుంచి వెళ్లిపొండి' అని అరుస్తూ కాల్చాడు. తరువాత సుమారు 110 కిలోమీటర్ల దూరంలో, పక్క రాష్ట్రమైన మిస్సోరీలోని క్లింటన్ పట్టణానికి పారిపోయాడు. తాను ఇద్దరు ఇరానీయులను చంపానని అక్కడి రెస్టారెంటు ఉద్యోగినితో చెప్పాడు. ఆమె పోలీసులకు ఫోన్ చేయడంతో అరెస్టయ్యాడు.

రాష్ట్రం దాటితే చట్టం మారుతుంది

ఇలాంటి నేరమే కావలిలో జరిగిందనుకోండి. నిందితుడు సూళ్లూరుపేట, తడ మీదుగా తమిళనాడులోని గుమ్మిడిపూండికి పారిపోయాడు. (సూళ్లూరుపేట, తడ 2022 దాకా నెల్లూరు జిల్లాలోనివే, ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నాయి.) తడ దాటాక భాష మారుతుందేగాని చట్టం మారదు. అటూ ఇటూ భారతీయ న్యాయ సంహితే అమలులో ఉంటుంది. కావలి కోర్టు ఇచ్చిన వారెంటు దేశమంతా చెల్లుతుంది.

అమెరికాలో అలా కాదు. కాన్సాస్‌కు ఒక శిక్షాస్మృతి, మిస్సోరీకి మరొకటి. యాభై రాష్ట్రాలకు యాభై శిక్షాస్మృతులు, వేర్వేరు పోలీసు, కోర్టు, జైలు వ్యవస్థలు ఉంటాయి. వీటికి తోడు ఫెడరల్ ప్రభుత్వానికి తన సొంత నేరచట్టాలు, ప్రాసిక్యూటర్లు, కోర్టులు ఉన్నాయి. ఒక రాష్ట్రం నుంచి పారిపోయిన నిందితుణ్ణి మరొక రాష్ట్రం అప్పగించాలని అమెరికా రాజ్యాంగం 4వ అధికరణం చెబుతుంది. దీనికి ఒక లాంఛన ప్రక్రియ ఉంది. ప్యూరింటన్ ఆ ప్రక్రియపై తన హక్కును వదులుకోవడంతో అతణ్ణి త్వరగానే కాన్సాస్‌కు తీసుకువెళ్లారు. 'అమెరికా చట్టం ఏం చెబుతుంది?' అని ఎవరైనా అడిగితే 'ఏ రాష్ట్రంలో?' అని మీరు ఎదురు ప్రశ్న వేయాలి.

ఒకే కాల్పులకు రెండు కేసులు

మొదటి కేసు కాన్సాస్ రాష్ట్రానిది. జాన్సన్ కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయం ప్రథమ శ్రేణి హత్య, రెండు హత్యాయత్నాల అభియోగాలు మోపింది. డిస్ట్రిక్ట్ అటార్నీ అంటే మన పబ్లిక్ ప్రాసిక్యూటరుకు సమానమని కొన్ని పుస్తకాల్లో రాస్తారు. ఆ పోలిక సరికాదు. మన ప్రాసిక్యూటరును ప్రభుత్వం నియమిస్తుంది, అభియోగపత్రం పోలీసులు దాఖలు చేస్తారు. అక్కడి డిస్ట్రిక్ట్ అటార్నీ చాలాచోట్ల ఓటర్లు ఎన్నుకున్న వ్యక్తి. ఏ అభియోగం మోపాలి, ఏది వదిలేయాలి, ఎంత తగ్గించి బేరం కుదుర్చుకోవాలి అనేవి ఆయన నిర్ణయాలే. నా దృష్టిలో ఆ వ్యవస్థలో న్యాయమూర్తి కంటే బలవంతుడు ఆయనే.

రెండవది ఫెడరల్ కేసు. 2017 జూన్‌లో ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ ప్యూరింటన్‌పై ద్వేషపూరిత నేరం కింద అభియోగాలు ఖరారు చేసింది. గ్రాండ్ జ్యూరీలో 16 నుంచి 23 మంది సామాన్య పౌరులుంటారు. వారు దోషా నిర్దోషా తేల్చరు. కేసు నడపడానికి తగిన ఆధారం ఉందా అన్నది మాత్రమే రహస్యంగా పరిశీలిస్తారు. జాతి, రంగు, పుట్టిన దేశం కారణంగా మనిషిపై దాడి చేయడాన్ని 2009 నాటి ద్వేషనేర నిరోధక చట్టం ఫెడరల్ నేరంగా పరిగణిస్తుంది.

ఇక్కడ మీకు సందేహం రావాలి. ఒకే నేరానికి రెండుసార్లు శిక్షించరాదని మన రాజ్యాంగం 20(2) అధికరణం, వారి అయిదవ సవరణ చెబుతున్నాయి కదా? రాష్ట్రం, ఫెడరల్ ప్రభుత్వం వేర్వేరు సార్వభౌమాధికారాలు కనుక రెండు చట్టాలను ఉల్లంఘించినవాడు రెండు నేరాలు చేసినట్లేనని అమెరికా సుప్రీంకోర్టు వాదన. 2019లో గ్యాంబుల్ కేసులో ఈ సిద్ధాంతాన్నే 7-2 మెజారిటీతో మళ్లీ సమర్థించింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: నెల్లూరు సెషన్స్ కోర్టు హత్య కేసులో శిక్షించిన వ్యక్తిని అదే హత్యకు కేంద్ర ప్రభుత్వం మళ్లీ విచారించగలదా? మన సమాఖ్య స్వరూపాన్ని దృష్టిలో ఉంచుకొని అయిదు వాక్యాల్లో రాయండి.

జ్యూరీ విచారణ జరగలేదు

జ్యూరీ తీర్పు చెప్పవలసిన అవసరం ఈ రెండు కేసుల్లోనూ రాలేదు. ప్యూరింటన్ 2018 మార్చిలో రాష్ట్ర కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మే 4న యావజ్జీవ శిక్ష పడింది. యాభై ఏళ్లు గడిచేదాకా పెరోల్‌కు అర్హత లేదు. హత్యాయత్నాలకు ఒక్కొక్కదానికి మరో 165 నెలలు. అదే నెలలో ఫెడరల్ కోర్టులోనూ నేరం ఒప్పుకున్నాడు. ఆగస్టు 7న ఒకదాని తరువాత ఒకటిగా మూడు యావజ్జీవ శిక్షలు విధించారు. ఆ అభియోగాల్లో మరణశిక్షకు అవకాశమున్నదీ ఉంది.

శిక్షలో రాయితీ ఆశించి నేరం ఒప్పుకోవడాన్ని ప్లీ బార్గెయినింగ్ అంటారు. తెలుగులో నేరాంగీకార బేరం అనవచ్చు. ఫెడరల్ కోర్టుల్లో 97 శాతం, రాష్ట్ర కోర్టుల్లో 94 శాతం శిక్షలు ఇలా పడినవేనని 2012లో ఫ్రై కేసులో సుప్రీంకోర్టే పేర్కొంది. మన దేశంలో ఈ పద్ధతి 2006లో అమలులోకి వచ్చినా, ఏడేళ్లకు మించి శిక్షపడే నేరాలకు వర్తించదు. మహిళలపై, పిల్లలపై జరిగే నేరాలకూ వర్తించదు. కనుక హత్య కేసులో మన దగ్గర బేరమన్న మాటే లేదు.

ఈ పద్ధతితో కోర్టుల భారం తగ్గుతుంది, బాధిత కుటుంబానికి సాక్ష్యాల వేదన తప్పుతుంది. కాని విచారణ కోరి ఓడితే పదిహేనేళ్లు, ఇప్పుడే ఒప్పుకుంటే రెండేళ్లు అన్నప్పుడు నిర్దోషి కూడా తలవంచే ప్రమాదం ఉంది. బెయిలుకు డబ్బు లేక జైల్లో ఉన్నవాడికి ఈ ఒత్తిడి మరీ ఎక్కువ.

విదేశీ విద్యార్థికి దీనితో ఏం పని?

పోలీసుల ఎదుట ఇచ్చిన నేరాంగీకారం మన కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. ఈ నమ్మకంతో పెరిగిన మనవాళ్లు అక్కడ పొరపడతారు. 1966 నాటి మిరాండా తీర్పు ప్రకారం అదుపులో ఉన్నవాణ్ణి ప్రశ్నించే ముందు, మౌనంగా ఉండవచ్చని, లాయరును కోరవచ్చని పోలీసులు చెప్పాలి. అది విన్న తరువాత కూడా స్వచ్ఛందంగా మాట్లాడితే ఆ మాటలు అతనిపైనే సాక్ష్యమవుతాయి. లాయరు ఖర్చు భరించలేనివారికి తీవ్ర నేరాల కేసుల్లో ప్రభుత్వమే లాయరును ఇవ్వాలని 1963లో గిడియన్ కేసు తేల్చింది.

ఇమిగ్రేషన్ కేసులు మాత్రం క్రిమినల్ కేసుల కిందికి రావు. వాటిలో ఈ ఉచిత లాయరు హక్కు లేదు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది ప్రభుత్వ అధికారులే నడిపిన ఉత్తుత్తి విశ్వవిద్యాలయం. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై క్రిమినల్ కేసులు పెట్టారు. అరెస్టయిన వందకు పైగా విద్యార్థులపై పెట్టినవి మాత్రం ఇమిగ్రేషన్ కేసులే. వారిలో చాలామంది తెలుగువారు.

ఈ రెండు వ్యవస్థలూ కలిసే చోటు నేరాంగీకారమే. ఒక దుకాణంలో చిన్న దొంగతనం చేసినట్లు ఒప్పుకొని జరిమానా కట్టి బయటపడ్డామనుకున్న విద్యార్థికి, ఆ అంగీకారమే వీసా పునరుద్ధరణకు అడ్డు కావచ్చు, కొన్ని సందర్భాల్లో దేశ బహిష్కరణకు కూడా దారితీయవచ్చు. హోసే పాడియా అనే హోండూరస్ దేశస్థుడు నలభై ఏళ్లుగా అమెరికాలో ఉంటున్న లారీ డ్రైవరు. చాలాకాలంగా ఉంటున్నావు గనక భయం లేదని లాయరు చెప్పిన మాట నమ్మి, గంజాయి రవాణా నేరం ఒప్పుకున్నాడు. తరువాత బహిష్కరణ ముప్పు ఎదురైంది. నేరాంగీకారం వల్ల బహిష్కరణ ముప్పు ఉంటే ఆ సంగతి ముందే చెప్పడం లాయరు బాధ్యతని 2010లో అతని కేసులోనే సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2013 చివరి నుంచి ఫెడరల్ కోర్టుల్లో న్యాయమూర్తి కూడా, నేరాంగీకారాన్ని నమోదు చేసే ముందు ఈ ముప్పు గురించి ముద్దాయికి చెప్పాలన్న నియమం అమలులో ఉంది.