శిశువైద్యమున విద్యార్థి నేర్వవలసినది

గోదావరి మండలములలో వైద్యవిద్యకు నేడు కొఱత లేదు. 1958లో కాకినాడయందు రంగరాయ వైద్యకళాశాల వెలయుటకు పూర్వము, వైద్యుడు కాగోరిన ఈ సీమ యువకుడు విశాఖపట్టణమునకో, గుంటూరునకో, మదరాసునకో పోవలసియుండెను. నేడు కాకినాడకు తోడు రాజమహేంద్రవరము, అమలాపురము, ఏలూరులందును కళాశాలలు గలవు. 2023లో రాజమహేంద్రవరమునను ఏలూరునను ప్రభుత్వ కళాశాలలు సైతము తెఱవబడినవి. సంఖ్య పెరిగినందుకు సంతోషింపవలసినదే. కాని, ఏడ్చుటయే గాని చెప్పనేరని పసిబిడ్డ యెదుట పరుండినపుడు, ఈ కళాశాలలనుండి వెలువడు యువవైద్యుడు ఆ బిడ్డను చూడనేర్చియే వచ్చుచున్నాడా? ఇది కళాశాలాధికారులు మాత్రమే విచారింపదగిన ప్రశ్న కాదు. బిడ్డలుగల ప్రతి గృహస్థునకును ఇందు సంబంధము కలదు.

2019-21 సంవత్సరముల జాతీయ కుటుంబారోగ్య సర్వేనుబట్టి, ఆంధ్రప్రదేశమున వేయిమంది శిశువులు పుట్టినచో, ఏడాది నిండకమునుపే సుమారు 30 మంది మరణించుచుండిరి. అందు సుమారు 20 మంది మొదటి 28 దినములలోనే గతించినవారు. ఐదేండ్లలోపు బిడ్డలలో నూటికి 31 మందికి వయస్సునకు తగిన ఎత్తు లేదు. ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియైనది మొదలు అన్నపూర్ణయని పేరుగాంచిన డెల్టాగల రాష్ట్రమునకు ఇది శోభ గాదు. ఈ శిశువులను హరించునవి అపూర్వరోగములును గావు. నెలలు నిండని కాన్పు, పుట్టుకలో ఊపిరందకుండుట, సూక్ష్మజీవుల దాడి, న్యుమోనియా, అతిసారము, ఇవియే ప్రధానమైనవి.

విద్యార్థి దృష్టి మాత్రము తఱచు వేఱొకవైపు పోవుచున్నది. పరీక్షాదినమున అతనికి చూపదగిన రోగులు బహుధా దీర్ఘవ్యాధిపీడితులు: పుట్టుకతో గుండెజబ్బు గలవారు, మూత్రపిండవ్యాధిచే ఒడలు ఉబ్బినవారు. ఎగశ్వాసతో నున్న పసికందును పరీక్షకై గంటలకొలది కూర్చుండబెట్టుట పాడికాదు గదా! కనుక ప్రాణము తీయు రోగము పరీక్షకు రాదు. పరీక్షకు రానిదానిని విద్యార్థి శ్రద్ధతో చూడడు. 2019లో అమలునకు వచ్చిన సామర్థ్యాధార పాఠ్యప్రణాళిక ఈ లోపమును సవరింప నుద్దేశించినదే. అయినను ప్రణాళిక కాగితముపై నున్నంతమాత్రమున చేతికి విద్య పట్టువడదు.

మొట్టమొదట నేర్వవలసినది చూచుట. స్టెతస్కోపు చెవులకు తగిలించుకొనుటకు ముందే, తల్లి యొడిలో బిడ్డ నిమ్మళముగా నున్నవేళ, చొక్కా పైకెత్తి, గడియారము చేతబట్టి, నిండు నిమిషము శ్వాస లెక్కింపవలెను. రెండు నెలలలోపు శిశువునకు 60, ఆపై ఏడాదిలోపువానికి 50, ఏడాది మొదలు ఐదేండ్లవఱకు 40. ఈ లెక్కను చేరినను మించినను అది వేగశ్వాసయే. దీనికి యంత్రము వలదు, విద్యుచ్ఛక్తి వలదు; ఓర్పు ఒక్కటి చాలును. ముప్పది క్షణములు లెక్కించి రెట్టింపు చేయు విద్యార్థి తన్ను తానే మోసగించుకొనుచున్నాడు.

రెండవది వినుట. "బాబూ, పొద్దుటినుంచి బిడ్డ డొక్కలెగరేస్తున్నాడు, పాలు పట్టడంలేదు" అని తల్లి చెప్పినపుడు, ఆంగ్లగ్రంథము పుటలు పట్టి వర్ణించు రోగలక్షణమును ఆమె రెండు ముక్కలలో చెప్పినదని విద్యార్థి గ్రహింపవలెను. మాడు గుంటపడినదన్నను, కళ్ళు తేలవేసినాడన్నను అట్లే. పాఠము ఆంగ్లమున చదివినవానికి ఈ మాటలు తెలియకపోయిన, ఎంత చదివియు ఏమి లాభము? కోనసీమ లంకలనుండి వచ్చు తల్లి మాట ఒకటి. మన్యమునుండి బిడ్డను చంకబెట్టుకొని వచ్చు కోయతల్లి మాట మఱియొకటి. వసకొమ్ము అరగదీసి నాకించితినన్న ముసలమ్మను పరిహసింపరాదు. పరిహసించిన మఱునాడు ఆమె నిజము చెప్పదు. ముక్కున నూనెచుక్కలు వేసిన అవి ఊపిరితిత్తులలోనికి జాఱి న్యుమోనియా కలిగింపగలవనియు, ముర్రుపాలు పిండి పారబోయరాదనియు, ఆఱునెలలు నిండువఱకు చనుబాలు దక్క ఉగ్గైనను వలదనియు మెల్లగా నచ్చజెప్పవలెను.

మూడవది కొలుచుట. బిడ్డ చిన్నరూపున నున్న పెద్దమనిషి కాడు. వానికి ప్రతి ఔషధమును బరువునుబట్టియే లెక్కగట్టవలెను. ఆఱునెలలు దాటిన బిడ్డ దండచుట్టుకొలత పదకొండున్నర సెంటీమీటర్లకు తక్కువయైన తీవ్రపోషణలోపమే. దగ్గునకు వచ్చిన బిడ్డకు దగ్గుమందు వ్రాసి పంపి, తూకము వేయని వైద్యుడు సగము రోగమును చూడనే లేదు.

నాలుగవది, తల్లిచేతికే వైద్యము నప్పగించుట. ఇందుకు 1971వ సంవత్సరపు ఉదాహరణము చాలును. బంగ్లాదేశ యుద్ధకాలమున బనగాఁవ్ శరణార్థిశిబిరమున కలరా చెలరేగి సెలైను నిండుకొనగా, డాక్టరు దిలీప్ మహలనబీస్ ఉప్పును, వంటసోడాను, గ్లూకోజును కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే త్రాగించెను. నూటికి 30 వఱకు నుండిన మరణములు నాలుగింటికి లోపునకు దిగెను. గోదావరి వఱదలు లంకగ్రామములను ముంచినపుడు, వేసవిలో కాలువలు కట్టి చెఱువునీరు అడుగంటినపుడు, ఈ పాఠము మనకు నిత్యావసరము. ప్యాకెట్టుపై వ్రాసిన కొలత నీటిలో మొత్తము పొడిని కలిపి, చెంచాతో ఎట్లు పట్టవలెనో విద్యార్థి తన చేతులతో చేసిచూపి, తిరిగి తల్లిచే చేయించవలెను. జింకుమాత్రలు 14 దినములు వేయవలెనని చెప్పవలెను.

ఇందు మన దోషమును లేకపోలేదు. సెలైను ఎక్కింపని వైద్యుడు వైద్యుడే కాడనియు, సూది వేయనిదే జ్వరము తగ్గదనియు పట్టుబట్టువారము మనమే. పైచదువుల ప్రవేశపరీక్షకై పుస్తకము విడువవలదని, వార్డులో నుండవలసిన కుమారుని ఇంట కూర్చుండబెట్టువారమును మనమే.

చూపు యొక్క మహిమ తెలియవలెనన్న దూరము పోనక్కఱలేదు. 1895లో భీమవరమున జన్మించి రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై చిన్నపట్టముతో వెలువడినవారే. బోస్టను నగరమున డాక్టరు సిడ్నీ ఫార్బర్, ఫోలికామ్లము ఇచ్చినపుడు రక్తకాన్సరు పెచ్చుపెరుగుట గమనించి, దానికి విరుద్ధమైన మందు మేలుచేయునేమో యని యోచించెను. ఆ మందును సమకూర్చినది అమెరికాలో సుబ్బారావుగారి బృందము. 1948లో ప్రకటితమైన ఆ చికిత్సలో 16 మంది బిడ్డలకుగాను పదిమందికి, కొంతకాలమేయైనను, గుణమిచ్చెను. బిడ్డ ప్రక్కన నిలిచి చూచినచూపే ఆ యోచనకు మూలము.

మన కళాశాలలనుండి అట్టివారు ఎందఱు వెలువడుదురో చెప్పజాలము. కాని నిండు నిమిషము శ్వాస లెక్కించి, తల్లి మాట విని, బిడ్డను తూచి, ధైర్యము చెప్పగల వైద్యులను ఈ మండలములలోని ప్రతి గ్రామమునకును ఈయగలము. దానికి కోట్లు వలదు. ఆచార్యులు వార్డులో ప్రక్కన నిలిచి నేర్పుటయు, పరీక్షయందు దానినే అడుగుటయు చాలును.