యూసుఫ్ ఇస్లాం పాటల ప్రస్థానం

సంగీత వాద్యాల విషయంలో ధర్మాదేశం ఏమిటన్న చర్చ వచ్చినప్పుడల్లా మన యువకులు ముందుగా ప్రస్తావించే పేరు యూసుఫ్ ఇస్లాం. "ఆయనా ముస్లిమే, గిటారు వాయిస్తున్నారు కదా!" అన్నది వారి వాదన. అదే గిటారును ఆయన పాతికేళ్లకు పైగా పక్కన పెట్టారన్న సంగతి మాత్రం వారిలో చాలామందికి తెలియదు. ఆ పాతికేళ్లను వదిలేసి ఆయనను సాక్షిగా నిలబెట్టడం న్యాయం కాదు.

1948 జూలై 21న లండన్‌లో జన్మించిన ఆయన అసలు పేరు స్టీవెన్ డిమిట్రి జార్జియూ. తండ్రి సైప్రస్ నుంచి వచ్చిన గ్రీకు వ్యక్తి, తల్లి స్వీడన్ మహిళ. నాటకశాలల నడుమ వారికొక హోటల్ ఉండేది, కాపురం దాని పైనే. చదివింది కేథలిక్ పాఠశాలలో. 1966లో, పద్దెనిమిదేళ్ల వయసులో, 'క్యాట్ స్టీవెన్స్' అనే పేరుతో తొలి రికార్డు వెలువడింది. మరుసటి సంవత్సరమే 'మాథ్యూ అండ్ సన్' అనే పాట బ్రిటన్‌లో 2వ స్థానానికి చేరింది. పేరు, ధనం, మద్యం, విందులు అన్నీ ఒక్కసారిగా వచ్చిపడ్డాయి.

1969లో క్షయవ్యాధి సోకింది. నెలల తరబడి ఆసుపత్రిలో పడి ఉన్న ఆ యువకుడికి మరణం గురించిన ఆలోచన మొదలైంది. కోలుకున్నాక 1970లో 'టీ ఫర్ ది టిల్లర్‌మ్యాన్', 1971లో 'టీజర్ అండ్ ది ఫైర్‌క్యాట్' ఆల్బమ్‌లు వచ్చాయి. వాటిలోని పాటలు లక్షలాది మందికి చేరాయి. దారి వెతుక్కుంటున్న మనిషి గొంతు వాటిలో వినిపిస్తుంది. బౌద్ధం, జ్యోతిషం, సంఖ్యాశాస్త్రం ఇలా ఎన్నో తలుపులు తట్టారాయన.

1970ల మధ్యలో అమెరికాలోని మాలిబు తీరాన ఈదుతుండగా సముద్రం ఆయనను లోపలికి లాగేసింది. శక్తి ఉడిగిన ఆ క్షణంలో, తనను కాపాడితే నీ కోసమే పనిచేస్తానని దేవునికి మొర పెట్టుకున్నారు. ఒక అల ఆయనను ఒడ్డు వైపు నెట్టింది. ఆపదలో చేసిన వాగ్దానాన్ని ఒడ్డు చేరగానే మరచిపోయే మానవుని గురించి దివ్య ఖుర్‌ఆన్ పదే పదే హెచ్చరిస్తుంది. ఈయన మరచిపోలేదు. జెరూసలేం వెళ్లివచ్చిన అన్న డేవిడ్ ఆయనకు ఖుర్‌ఆన్ అనువాదం కానుకగా ఇచ్చారు. చదువుతూ చదువుతూ యూసుఫ్ సూరా వద్దకు వచ్చేసరికి ఆయన హృదయం కరిగింది. అంగడిలో అమ్ముడుపోయిన ఆ ప్రవక్త (అలైహిస్సలాం) వృత్తాంతంలో, సంగీత వ్యాపారంలో సరుకుగా మారిన తన బతుకు ఆయనకు కనిపించింది. 1977 డిసెంబరులో లండన్‌లోని రీజెంట్స్ పార్క్ మస్జిద్‌లో షహాదా పలికి, తర్వాత యూసుఫ్ ఇస్లాం అయ్యారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. తాను మొదట సంప్రదించిన ఇమామ్, పాటలు నైతికంగా సవ్యమైనవైతే కొనసాగించవచ్చన్నారని ఆయనే చెప్పారు. అనుమతి ఉన్నా ఆయన ఆగిపోయారు. సందేహాస్పదమైన దాన్ని వదిలి సందేహం లేనిదాన్ని పట్టుకోవడమే మన పెద్దలు చెప్పే వరఅ. 1979 నవంబరులో వెంబ్లీలో యునిసెఫ్ సహాయార్థం పాడి వేదిక దిగిపోయారు. గిటార్లను వేలం వేసి, వచ్చిన సొమ్మును దానమిచ్చారు. అప్పటికాయన వయసు 31. ఆ వయసులో, ఆ స్థాయిలో ఉండి అంతటి ఆదాయ మార్గాన్ని స్వయంగా మూసేసుకోవడం మాటలు కాదు.

ఆ తర్వాత ఆయన శ్రద్ధంతా పిల్లల చదువు మీదికి మళ్లింది. 1983లో లండన్‌లో ఇస్లామియా పాఠశాలను స్థాపించారు. చర్చి పాఠశాలలకు నిధులిచ్చే ప్రభుత్వం ముస్లిం పాఠశాలకు ఎందుకివ్వదని ఏళ్ల తరబడి పోరాడారు. 1998లో ఆ నిధులు మంజూరయ్యాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులు పొందిన తొలి ముస్లిం పాఠశాలల్లో అదొకటి. నా దృష్టిలో ఆయన పాటలన్నిటికంటే ఇదే బరువైన పని.

1995లో దైవప్రవక్త (స) జీవితాన్ని తన గొంతుతో చెప్పి రికార్డు చేశారు. అందులో వాద్యం డఫ్ మాత్రమే. బోస్నియా యుద్ధం ఆయనను మరింత కదిలించింది. ఆ దేశ విదేశాంగ మంత్రి ఇర్ఫాన్ లుబియాంకిచ్ తాను రాసిన పాట క్యాసెట్‌ను ఆయన చేతికిచ్చారు. 1995లో ఆ మంత్రి ప్రయాణిస్తున్న హెలికాప్టరును కూల్చివేశారు. బాధితులు పాటతోనే గుండె నిబ్బరం తెచ్చుకుంటున్నారని చూసిన ఆయన, ఆ పాటను తన ఆల్బమ్‌లో చేర్చారు.

ఆ తర్వాత ఒకనాడు కుమారుడు ఇంటికి తెచ్చిన గిటారును ఆయన మళ్లీ చేతికి తీసుకున్నారు. 2006లో 'ఎన్ అదర్ కప్' వెలువడింది. 2023లో 'కింగ్ ఆఫ్ ఎ ల్యాండ్' దాకా ఆ ప్రయాణం సాగింది.

పెండ్లిళ్లు, పండుగలలో డఫ్‌కు అనుమతి ఉన్నదని, తంతి వాద్యాలు సమ్మతం కావని ధర్మవేత్తలలో అత్యధికుల అభిప్రాయం. ఇబ్నె హజమ్ వంటి కొందరు భిన్నంగా చెప్పారు. యూసుఫ్ ఇస్లాం ఆ రెండో అభిప్రాయం వైపు మొగ్గారు. నేను మొదటి దాన్నే నమ్ముతాను, విద్యార్థులకు అదే బోధిస్తాను. అలాగని ఆయన విశ్వాసాన్ని తూచే తక్కెడ నా చేతిలో లేదు. ఆయన గిటారును ఆధారంగా చూపే యువకుణ్ణి నేను అడిగేది ఒక్కటే: ఆల్బమ్‌కూ ఆల్బమ్‌కూ మధ్య ఆయన వదులుకున్న కాలంలో, నాయనా, నీవు అల్లాహ్ కోసం దేనిని వదులుకున్నావు?