మేనరికము: ఆచారమా, అపచారమా?

ఉత్తరదేశపు గృహస్థు డొకడు మన గోదావరీతీరమున నొక పెండ్లికి వచ్చి, వరుడు వధువునకు మేనమామ యని వినెనేని చెవులు మూసికొనును. ఆతని యింట సపిండులలో పెండ్లి యన్న మాటయే వినరానిది. అచ్చట గోత్రమునే కాక స్వగ్రామమును సయితము పరిహరించి సంబంధములు వెదకు కుటుంబములు పెక్కులు. మన యింటనో, ఆ సంబంధమునే పెద్దలు కోరి కలుపుదురు. అక్కకూతు రుండగా బయటిపిల్లను తెచ్చిన తమ్మునిపై అక్క యలుగని గ్రామ మరుదు. ఈ యిరువురిలో ధర్మ మెవ్వరి పక్షమున నున్నది? పెంపకమును బట్టి నీతి మారునని యొప్పుకొన్నచో, ఏ దురాచారమును ఖండించుటకు మన కధికార ముండును? మారనే మారదని పట్టుపట్టినచో, మన తాతముత్తాతల నందఱను పాపుల పట్టికలో నెక్కింపవలసివచ్చును.

ఈ వివాదము క్రొత్తది కాదు. బోధాయనుడు తన ధర్మసూత్రములందు దీనిని సూటిగనే యెత్తుకొనెను. దక్షిణమున నైదు, ఉత్తరమున నైదు వివాదాస్పదములైన యాచారములు కల వనెను. ఉపనయనము కానివానితోను, భార్యతోను గలిసి భుజించుట, చల్దియన్నము తినుట, మేనమామ కూతును, మేనత్త కూతును పెండ్లాడుట మన పాలివి. ఉన్ని నమ్ముట, మద్యపానము, రెండు దవడలందును పండ్లుగల పశువులతో వ్యాపారము, ఆయుధజీవనము, సముద్రయానము వారి పాలివి. ఒక దేశపు టాచారమును వేఱొక దేశమున నాచరించినవాడు దోషి యగును. ఏ దేశమున కా దేశమే ప్రమాణము — ఇది యొక పక్షము. గౌతముడు దానిని మిథ్య యని త్రోసిపుచ్చెననియు, శిష్టస్మృతికి విరుద్ధములగుటచే ఆ రెంటిని నాదరింపరాదనెననియు ఆ గ్రంథమే చెప్పుచున్నది. (సముద్రయానము దక్షిణాదివారికి దోషమే యైనచో, రంగూనునకు ఓడ లెక్కిన మన కోస్తాజనుల గతి యేమగునో!)

తరువాతి పండితులును ఊరకుండలేదు. కుమారిలభట్టు మేనరికమును నిరసించి, అర్జునుడు సుభద్రను పెండ్లాడిన కథ యడ్డురాగా, ఆమె కృష్ణునికి సొంత చెల్లెలు కాదని సమర్థించుకొనవలసివచ్చెను. పదునాల్గవ శతాబ్దమున మాధవాచార్యుడు పరాశరస్మృతి వ్యాఖ్యయందు దాక్షిణాత్యుల పక్షమును వహించెను. మనవా రంతటితో తృప్తిపడక, వ్యాసభారతమున లేని శశిరేఖను సృష్టించి, మేనబావ యగు అభిమన్యునికి కట్టబెట్టిరి. 1957లో వచ్చిన 'మాయాబజార్' చలనచిత్రమును చూచి ఆనందింపని తెలుగువా డుండునా? ఆ ప్రణయమున పాపము కలదని యొక్క ప్రేక్షకునికైన తోచియుండదు.

ఇంతవరకు దేశాచారవాదము వినసొంపుగనే యున్నది. చిక్కు తరువాత వచ్చును. గురజాడ అప్పారావుగారు 'కన్యాశుల్కము'నకు 1897లో వ్రాసిన పీఠికయందు, విజయనగర మహారాజుగారి యాజ్ఞచే విశాఖపట్టణ మండలమున మూడు సంవత్సరములలో జరిగిన అట్టి వివాహములను లెక్కింపగా 1034 తేలినవని తెలిపిరి. అందు ఏడాది పసికందులును కలరు. కూతునకు వెల కట్టిన తండ్రి నడిగినచో ఆతడును, "ఇది మా పెద్దలనాటి యాచారము" అనియే బదులు చెప్పును. దేవాలయములకు ఆడుబిడ్డల నర్పించు పద్ధతిని మద్రాసు ప్రభుత్వము 1947లో శాసనముచే మాన్పినప్పుడును, అంతకు పూర్వము డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారు శాసనసభలో పోరాడినప్పుడును వినవచ్చిన సమాధాన మదియే. మేనరికమును కాపాడిన కవచమే వీనికిని కవచమైనచో, ఆ కవచమును మనము పరీక్షింపవలసియున్నది.

భేద మెచ్చట? ఉత్తరాదివాని కలిగిన ఏవగింపు ప్రమాణము కాజాలదు; అది వాని పెంపకము. మన కలిగిన యలవాటును ప్రమాణము కాదు. అది మన పెంపకము. కాని మూడేండ్ల పిల్ల నమ్ముడుపోవుట కాశిలో నైనను కాకినాడలో నైనను ఆ పిల్లకు ఒక్కటియే. కష్టము ననుభవించు వ్యక్తికి కాదనుటకు నోరున్నదా యని యడిగిన ప్రశ్నకు దేశభేదము లేదు.

1955 నాటి హిందూవివాహశాసనమును చదివినవారి కీ భేదము కనబడును. నిషిద్ధసంబంధములను, సపిండవివాహమును నిషేధించుచు, ఆచార మొప్పిన చోట మినహాయింపు నిచ్చినది. మన మేనరికములు దానివలననే నిలిచినవి. అదే అయిదవ పరిచ్ఛేదమున వధూవరుల వయస్సును నిర్ణయించినప్పుడును, భార్య బ్రదికియుండగా రెండవ పెండ్లిని నిషేధించినప్పుడును ఆచారమునకు చోటీయలేదు. ఆచార మనునది అసమంజసముగను, ప్రజాశ్రేయమునకు విరుద్ధముగను ఉండరాదని నిర్వచనమందే కట్టడి చేసినది.

అట్లని మేనరికమున కంతయు పరిహారమైన దనుకొనరాదు. దక్షిణాదిని పుట్టిన వైద్యుడే నేడు దానిపై నాక్షేపణ తెచ్చుచున్నాడు. మేనమామకును మేనకోడలికిని వంశబీజములలో నాల్గవవంతు, మేనబావ మఱదండ్రకు ఎనిమిదవవంతు ఉమ్మడిగ నుండును. తల్లిదండ్రు లిరువురియందును దాగిన యొకే లోపము బిడ్డయందు బయటపడు నవకాశ మందుచే హెచ్చును. ఆ బిడ్డ నెవ్వరును సమ్మతి యడుగలేదు. ఇది చెవులు మూసికొనువాని మాట కాదు, లెక్క. దీనికి "మా యాచారము" అన్నది సమాధానము కాదు.

ఇక మన భూస్వాములకు చేదుగ నుండు మాట యొకటి. ఊయెలలోని పిల్లను చూపి "ఇది మా తమ్మునిది" యని ముడిపెట్టుటలో ప్రేమ యెంతయో, మాగాణి చీలిపోకుండవలెనన్న తలంపును అంతయే. ఆ పిల్ల పెద్దదై, చదువుకొని, వల్ల దన్ననాడు ఆమెపై పుట్టింటివారందఱును ఒక్కటగుదురు. శాసన మిచ్చినది అనుమతియే కాని ఆజ్ఞ కాదు. బాల్యమున పెండ్లి చేయబడినవారు యుక్తవయస్సు వచ్చిన రెండేండ్లలోపున ఆ పెండ్లిని రద్దు చేయించుకొనవచ్చునని 2006 నాటి బాల్యవివాహ నిషేధశాసనము చెప్పుచున్నది. ఆ గడువు సంగతి తమ యింటి పిల్లకు తామే తెలుపు మేనమామ లెందఱు?