ఆసుపత్రులలో అగ్నిభయము

ఇంటికి నిప్పంటుకొనినపుడు శక్తి గలవారు తాము బయటపడి, ముసలివారిని పసివారిని ఎత్తుకొని వచ్చెదరు. ఆసుపత్రిలో ఆ వీలు లేదు. అచ్చట ఒకనికి కాలు విరిగి కట్టు కట్టబడి యుండును. ఒకనికి మత్తుమం దిచ్చి శస్త్రచికిత్స చేయుచుందురు. నెలలు నిండక పుట్టిన శిశువు వెచ్చని పెట్టెలో నుండును. పరుగెత్తు మనినను పరుగెత్తలేనివారే అచ్చటి జనము. కావున తక్కిన కట్టడములకు చాలిన జాగ్రత్త ఆసుపత్రికి చాలదు.

ఇందల్వాయి ప్రాంతమువారికి ఆసుపత్రి క్రొత్త కాదు. పొరుగున నున్న డిచ్‌పల్లిలో 1915 వ సంవత్సరమున ఇసబెల్ కెర్ అను వైద్యురాలును, ఆమె భర్త జార్జి కెర్ గారును కుష్ఠరోగులకై ఆసుపత్రిని నెలకొల్పిరి. నిజామాబాదు దాత రాజా నర్సాగౌడుగారు దానికి ధనసహాయము చేసిరి. ఆ కాలపు ఆసుపత్రులు సామాన్యముగా విశాలమైన ఆవరణములలో, ఎత్తు తక్కువగా, విడివిడిగా కట్టబడుచుండెను. గడప దాటిన నేలయే. నేడు మనము రోగిని తీసికొని నిజామాబాదునకో, జబ్బు ముదిరిన హైదరాబాదునకో పోవుదుము. అచ్చట అంతస్తుమీద అంతస్తు, మూసిన కిటికీలు, చల్లని గదులు. వైద్యము పెరిగినది, దానితోపాటు అపాయమును పెరిగినది.

ఈ అపాయములో మొదట ఎరుగదగినది పొగ. మంటకంటె పొగయే ముందు చంపును. బోధను చక్కెర కర్మాగారము 2015 లో మూతపడకముందు చెరకు పిప్పి కుప్పలను చూచినవారికి, అవి పైకి మంట కానరాకయే లోలోన రాజుకొనునని తెలియును. ఆరుబయట ఆ పొగ గాలిలో కలిసిపోవును. మూసిన భవనములో అది మెట్లదారివెంటను, తీగెలు గొట్టములు పోవు సందులవెంటను పై అంతస్తుల కెక్కును. 2011 డిసెంబరు 9 వ తేది తెల్లవారుజామున కలకత్తాలోని ఆమ్రి ఆసుపత్రిలో జరిగిన దిదియే. బండ్లు నిలుపుటకు ఉద్దేశించిన నేలమాళిగలో తగులబడు సామగ్రి నిలువచేసి యుండిరి. అచ్చట పుట్టిన పొగ చల్లగాలి గొట్టములద్వారా పైకెక్కి, నిద్రలో నున్న రోగులను చుట్టుకొనెను. దాదాపు తొంబదిమంది మరణించిరి. వారిలో పెక్కుమంది ఊపిరాడకయే పోయిరి. కేరళదేశపు నర్సు లిద్దరు పలువురు రోగులను కాపాడి, తక్కినవారికొరకు ప్రయత్నించుచు ప్రాణములు విడిచిరి.

రెండవది ప్రాణవాయువు, అనగా ఆక్సిజను. మనము పీల్చు గాలిలో అది నూటికి ఇరువదియొక్క పాళ్లు మాత్రమే. కమ్మరివాడు తిత్తి నొత్తినపుడు కొలిమి ఎట్లు భగ్గు మనునో మన మెరుగుదుము. రోగుల గదిలో ఆక్సిజను కారి గాలిలో దాని పాలు పెరిగినచో, చిన్న నిప్పురవ్వయు అట్లే విజృంభించును. తీవ్ర చికిత్స గదులలో రేయింబవళ్లు యంత్రములు నడచుటచే విద్యుత్తు తీగెలు వేడెక్కును. స్పిరిటు మొదలగు మండు ద్రవములును దగ్గరనే యుండును. 2021 జనవరి 9 వ తేదిన మహారాష్ట్రములోని భండారా జిల్లా ఆసుపత్రిలో, శిశువుల ప్రత్యేక విభాగమున నిప్పు పుట్టి పదిమంది పసికందులు మరణించిరి. ఏడుగురిని మాత్రము కాపాడగలిగిరి.

మూడవది, ఒక పనికి కట్టిన భవనమును వేరొక పనికి వాడుట. 2020 ఆగస్టు 9 వ తేది వేకువజామున విజయవాడలోని స్వర్ణ ప్యాలెస్ హోటలులో అగ్నిప్రమాదము జరిగి పదిమంది మరణించిరి. ఆ హోటలును అప్పుడు కోవిడు రోగుల చికిత్సకు వాడుచుండిరి. నడువగల బాటసారులకై కట్టిన భవనము, మంచము పట్టినవారికి తగిన ఆసుపత్రి కాజాలదు.

మరి భవనమెట్లుండవలెను? 2016 లో సవరింపబడిన జాతీయ భవన నిర్మాణ నియమావళి దీనిని వివరించుచున్నది. రోగులను మంచముతో సహా తరలించు నడవ 2.4 మీటర్లు, అనగా దాదాపు ఎనిమిది అడుగుల వెడల్పు కలిగి యుండవలెను. ఎదురెదురుగా వచ్చు రెండు మంచములు తప్పుకొనవలెను గదా. ఒక దారి పొగతో నిండినచో పోవుటకు రెండవ దారి వేరొక దిక్కున నుండవలెను. అంతస్తును భాగములుగ విభజించి, నడుమ నిప్పును పొగను అడ్డు తలుపు లమర్చవలెను. దీని భావము గ్రహింపుడు. మంచమును ఒక్కసారిగా నాలుగంతస్తులు దింపుట దుస్సాధ్యము. ఆ తలుపు దాటించి అదే అంతస్తులో రెండవ భాగమునకు త్రోయుట సులభము. ఆ తలుపు తనంతట తాను మూసికొన్ననే ఈ ఏర్పాటు ఫలించును. గాలికొరకని ఎవరైన దానికి ఇటుక అడ్డుపెట్టినచో అంతయు వ్యర్థము.

నిర్ణీతమైన ఎత్తునకు మించిన ఆసుపత్రులకు అగ్నిమాపక శాఖవారి నిరాక్షేపణ పత్రము కావలెను. కాని పత్రము గోడమీద నుండును. నిప్పు గోడమీది పత్రమును చదువదు. పత్రము పుట్టిననాడు తెరచియున్న దారి నేడును తెరచి యున్నదా యని చూచువారు కావలెను. రోగికి తోడుపోవు పెద్దలు ఆ పని చేయగలరు. మెట్లదారిలో పాత మంచములు, మందుల పెట్టెలు పేర్చి యుండిరా? నిప్పార్పు సీసాపై తనిఖీ తేది గడచినదా? రాత్రివేళ దొంగల భయమున వెనుక తలుపునకు తాళము వేయుచున్నారా? తాళపుచెవి ఎవరివద్ద నుండునని అడుగుడు. ఫలానివానివద్ద అని బదులు వచ్చినచో అదియే దోషము. ఆపత్కాలమున బయటపడు తలుపు చెవితో పనిలేక లోపలినుండి తెరచుకొనవలెను. ఇట్లడుగుట అమర్యాద కాదు. నూతికి వర లేనప్పుడు హెచ్చరించుట యెట్టిదో యిదియు నట్టిదే.

మన వంతు నియమములును కలవు. వార్డులో బీడీ వెలిగింపరాదు. గిన్నె వేడిచేయుటకు పొయ్యి పెట్టరాదు. దేవునికైనను దీపము వెలిగింపరాదు. ఒక్క రోగికి పదిమంది చేరి నడవలలో చాపలు పరచి పరుండరాదు. పొగ కనబడినచో వెంటనే నర్సుకు చెప్పి, 101 కి గాని 112 కి గాని ఫోను చేయవలెను. లిఫ్టు ఎక్కరాదు. పొగలో నిలువక, నేలకు వంగి పోవలెను. మంచి గాలి క్రిందనే మిగిలియుండును. విద్యుత్తు నిప్పుపై నీళ్లు పోయరాదు.

గడ్డివామి ప్రక్కన దీపము పెట్టవద్దని పిల్లలకు నేర్పినవారు మన పెద్దలే. ఊరినుండి రోగితో బయలుదేరు ప్రతివానికి వారు ఇక ఈ రెండు మాటలును చెప్పి పంపవలెను: వైద్యుని గది ఎచ్చటనో తెలిసికొనకముందే బయటికి పోవు రెండు దారు లెచ్చటనో తెలిసికొనుము, వానిలో ఏదైన మూసియున్నచో ఊరకుండకుము.