రెడ్ నదీలోయ

ఉత్తర అమెరికా మధ్యభాగంలో రెడ్ నది ప్రవహిస్తున్నది. అమెరికాలోని ఉత్తర డకోటా, మిన్నెసోటా రాష్ట్రాలకు సరిహద్దుగా సాగి, కెనడాలో ప్రవేశించి, విన్నిపెగ్ సరస్సులో కలుస్తుంది. దక్షిణం నుండి ఉత్తరానికి ప్రవహించడం దీని విశేషం. పేరుకు ఇది లోయయే గాని, ఇరువైపులా కొండలు కానరావు. హిమయుగాంతంలో మంచు కరిగి ఏర్పడిన అగాసీ అనే మహాసరస్సు అడుగుభాగమే ఈ మైదానం. నల్లని బంకమన్ను సారవంతమైనదే. కాని వాలు అత్యల్పం కావడంచేత నీరు పారక, నేల చిత్తడిగా ఉండేది.

1863లో కుదిరిన ఓల్డ్ క్రాసింగ్ ఒప్పందంతో ఒజిబ్వే ఆదివాసులు ఇచ్చటి విశాల భూభాగాన్ని వదులుకోవలసి వచ్చింది. 1872లో నార్తర్న్ పసిఫిక్ రైలుమార్గం నదిని దాటింది. ఆ రేవున ఫార్గో పట్టణం వెలసింది. 1878లో రైలుమార్గం విన్నిపెగ్ వరకు సాగింది. పచ్చికబయళ్లు గోధుమపొలాలయ్యాయి. స్టేషన్ల చెంత ధాన్యాగారాలు, వాటి చుట్టూ ఊళ్లు లేచాయి.

అమెరికా ప్రభుత్వం భూమిని చదరపు మైలు, అనగా 640 ఎకరాల చొప్పున చతురస్రాలుగా కొలిపించింది. ఆ హద్దుల వెంబడే బాటలు పడ్డాయి. బంకనేలలో బాట నిలవాలంటే దానిని ఎత్తు చేయాలి. అందుకై ఇరుప్రక్కల మట్టిని త్రవ్వగా ఏర్పడిన గుంటలే మురుగుకాలువలయ్యాయి. పెద్దకాలువలు వాటిని నదితో కలిపాయి. చిత్తడినేల సాగులోకి వచ్చింది.

అయితే నీరు పొలాన్ని విడిచినంత మాత్రాన సమస్య తీరలేదు. వసంతంలో దక్షిణాన మంచు ముందుగా కరుగుతుంది. అప్పటికి ఉత్తరాన నది గడ్డకట్టియే ఉంటుంది. పైనుండి వచ్చిన నీటికి దారి దొరకదు. బాటల, రైలుమార్గాల కట్టలు నీటికి అడ్డుపడి, దానిని కొత్త దిక్కులకు మళ్లిస్తాయి. 1950లో విన్నిపెగ్ నగరం మునిగింది. అందువలన 1968 నాటికి 47 కిలోమీటర్ల వరదకాలువను నిర్మించారు. 1997లో గ్రాండ్ ఫోర్క్స్ పట్టణ ప్రజలు ఇండ్లు విడిచి వెళ్లవలసి వచ్చినప్పుడు, ఆ కాలువయే విన్నిపెగ్‌ను చాలవరకు కాపాడింది.

పెద్ద వరదలలో మురుగుకాలువల పాత్ర ఎంత అనే విషయంలో నేటికీ భిన్నాభిప్రాయాలున్నాయి. అయినను ఒక సత్యం స్పష్టం. ఎగువరైతు వదిలించుకున్న నీరు ఎక్కడికో ఒకచోటికి చేరక తప్పదు. కాలువను త్రవ్వేవారు తమ పొలం గట్టుతోపాటు దిగువనున్న ఊరినీ తలచుకోవాలి.