కంప్యూటరు చెడినచో తప్పు ఆటదేనా?

కాకి వ్రాలినది, తాటిపండు పడినది. కాకి వ్రాలుటవలననే పండు పడినదని చూచినవాడు అనుకొనును. తొడిమ ముందే వదులై యున్న సంగతి వానికి కనబడదు. దీనినే మన పెద్దలు కాకతాళీయ న్యాయమన్నారు. కంప్యూటరుల విషయములో ఈ న్యాయము తరచుగా గుర్తు చేసుకొనవలసి వచ్చుచున్నది. పిల్లవాడు వీడియో గేము ఆడుచుండగా తెర నల్లబడును. యంత్రము మరల లేవదు. "ఆ గేమువల్లనే పాడైనది" అని ఇంటిలోనివారు అందురు. ఈ మాటలో నిజమెంత?

ఇది వట్టి వాదము కాదు. మేలురకపు గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే లక్ష రూపాయలకు మించిన ఖరీదు చేయుచున్నది. తప్పు వాడినవానిదైనచో నష్టము అతనిదే. తప్పు తయారీలోనిదైనచో, గ్యారంటీ గడువు ఉన్నంతవరకు, ఆ నష్టమును తయారీదారు భరింపవలెను. కాబట్టి కారణమును సరిగా గుర్తించుట అవసరము.

2021లో జరిగిన సంగతి

2021 జులైలో అమెజాన్ సంస్థ "న్యూ వరల్డ్" అను గేమును పూర్తి విడుదలకు ముందు పరీక్షకొరకు ఆటగాండ్రకు అందించినది. వెంటనే కొందరు ఫిర్యాదు చేసిరి. ఆర్‌టీఎక్స్ 3090 అను గ్రాఫిక్స్ కార్డులు ఆ గేము ఆడుచుండగా పూర్తిగా చెడిపోయినవని వారి మాట. ఆ కార్డులలో ఈవీజీఏ అను సంస్థ తయారుచేసినవి ముఖ్యముగా ఉన్నవి. గేము కార్డులను చంపుచున్నదని వార్త ప్రపంచమంతట వ్యాపించినది.

గేము చేసిన పని యేమో చూతము. తెరపై మనము చూచు కదలిక నిజమునకు నిశ్చల చిత్రముల వరుస. సాధారణమైన తెర సెకనుకు 60 చిత్రములను చూపగలదు. గేము ఆరంభములో వచ్చు మెనూలో చిత్రించవలసినది చాల తక్కువ. అందువలన, "ఇంతటితో చాలు" అని గేము హద్దు పెట్టనిచో, కార్డు ఆ చిన్న చిత్రమునే సెకనుకు వందలసార్లు గీయును. వానిలో చాల భాగము తెర చూపజాలదు. పని వృథా, విద్యుత్తు వృథా, మిగులునది వేడిమి. 2010లో "స్టార్‌క్రాఫ్ట్ 2" అను గేములోను ఇట్లే జరుగగా, చిత్రముల వేగమునకు హద్దు పెట్టుకొను ఉపాయమును దాని నిర్మాతలు తెలియజేసిరి. అమెజాన్ సంస్థయు 2021లో మెనూలో హద్దు పెట్టుచు గేమును సవరించినది.

అయితే అంతమాత్రముననే గేమును దోషిగా నిలుపవచ్చునా? అదే గేమును ఆ పరీక్షలో లక్షలాది మంది ఆడిరి. వారిలో మిక్కిలి కొద్దిమంది కార్డులు మాత్రమే చెడినవి. గేమే కారణమైనచో తక్కిన కార్డులు ఎట్లు నిలిచినవి? ఈ ప్రశ్నకు సమాధానము కార్డులోపల ఉన్నది.

అతుకులోని కిటుకు

ఆర్‌టీఎక్స్ 3090 కార్డులోని ముఖ్యమైన చిప్పులో 2,830 కోట్ల ట్రాన్సిస్టరులు ఉన్నవి. కార్డు మొత్తమునకు నిర్ణయింపబడిన విద్యుత్తు 350 వాట్లు. కంప్యూటరు లోపలి పవర్ సప్లై దీనికి 12 వోల్టుల వద్ద విద్యుత్తును పంపును. చిప్పు పనిచేయునది ఇంచుమించు 1 వోల్టు వద్ద. ఈ మార్పును చేయునవి మోస్‌ఫెట్ అను చిన్న స్విచ్చులు. వోల్టేజి తగ్గినకొలది, అదే శక్తిని అందించుటకు కరెంటు పెరుగవలెను. కావున కార్డు పూర్తి బరువుతో పనిచేయునపుడు ఈ స్విచ్చుల సమూహముద్వారా వందల ఆంపియర్ల కరెంటు చిప్పునకు ప్రవహించును. స్విచ్చులను పలకకు అంటించియుంచునది టంకపు అతుకు.

అతుకు సరిగా లేనిచో ఏమగునో ఇంటిలోని ఉదాహరణతో తెలిసికొనవచ్చును. గోడమీద ప్లగ్గు సాకెట్టు కొంచెము వదులైనదనుకొనుడు. దానికి 100 వాట్ల పాతకాలపు బల్బు తగిలించినచో ఏ చిక్కును రాదు. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె తగిలించినచో ప్లగ్గు కాలి నల్లబడును. వదులైన చోట నిరోధము ఎక్కువ. అచ్చట పుట్టు వేడిమి కరెంటు యొక్క వర్గమునుబట్టి పెరుగును. అనగా కరెంటు పదిరెట్లయినచో వేడిమి నూరురెట్లగును. మరి ప్లగ్గు కాలుటకు ఇస్త్రీపెట్టె కారణమందుమా, వదులైన సాకెట్టు కారణమందుమా? ఇస్త్రీపెట్టె దాచియున్న లోపమును బయటపెట్టినది, అంతే.

కార్డుల విషయమును ఇట్టిదే. ఈవీజీఏ సంస్థ చెడిన కార్డులను తెప్పించి ఎక్స్‌రేలతో పరీక్షించినది. అవి సుమారు రెండు డజనులు మాత్రమే. 2020లో తయారైన తొలి విడతకు చెందినవి. మోస్‌ఫెట్‌ల చుట్టును టంకపు పని నాసిగా జరిగినదని ఆ సంస్థయే 2021 సెప్టెంబరులో ఒప్పుకొన్నది. "ఆడలేక మద్దెల ఓడు" అన్నట్లు గేము తన తప్పును యంత్రముపైకి నెట్టలేదు. ఇచ్చట మద్దెల నిజముగనే ఓటిది.

ఏ ప్రోగ్రాము యంత్రమును చెడగొట్టగలదు?

అట్లని ప్రోగ్రాములు యంత్రమునకు ఎన్నడును హాని చేయలేవనుట సరికాదు. గేము పైఅంతస్తులోని ప్రోగ్రాము. "ఈ చిత్రమును గీయుము" అని అది ఆజ్ఞ ఇచ్చును. వోల్టేజి ఎంత ఉండవలెను, ఫ్యాను ఎంత వేగముగా తిరుగవలెను అను నిర్ణయములు సాధారణముగా దాని చేతిలో ఉండవు. అవి కార్డులోని నియంత్రణకును, డ్రైవరు అను ప్రోగ్రామునకును చెందినవి. అపాయము రాదగినది ఈ క్రిందిఅంతస్తునుండియే. 2010 మార్చిలో ఎన్‌విడియా సంస్థ 196.75 సంఖ్యగల డ్రైవరును వెనుకకు తీసికొనవలసి వచ్చినది; అది ఫ్యానుల వేగమును సరిగా అదుపు చేయకపోవుటయే కారణము.

ఇటీవలి ఉదాహరణము ఇంటెల్ సంస్థది. 13వ, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసరులు కొన్ని గల కంప్యూటరులలో గేములు మధ్యలో ఆగిపోవుచుండెను. వీడియో మెమరీ చాలలేదని సందేశము వచ్చుటచే, ఆటగాండ్రు గేమునో గ్రాఫిక్స్ కార్డునో అనుమానించిరి. తుదకు 2024లో ఇంటెల్ సంస్థ దోషము ప్రాసెసరులోనిదని తెలిపినది. అవసరమునకు మించిన వోల్టేజి కోరబడుటచే లోపలి సర్క్యూటు క్రమముగా క్షీణించుచుండెను. ఆ సంస్థ మైక్రోకోడును సవరించి, ఆ ప్రాసెసరుల గ్యారంటీని 2 సంవత్సరములు పొడిగించినది. మొదట నింద మోసినది గేము. రోగము మాత్రము వేరొకచోట ఉన్నది.

మనము చేయదగినది

బరువైన గేములు యంత్రమును త్వరగా అలయజేయుననుటయు కొంత నిజమే. వేడెక్కి చల్లబడుచుండుటచే టంకపు అతుకులు వ్యాకోచ సంకోచములకు లోనై కాలక్రమమున బలహీనపడును. మన వేసవిలో ఈ శ్రమ హెచ్చు. గది 25 డిగ్రీలు ఉన్నపుడు 75 డిగ్రీలకు చేరు చిప్పు, గది 40 డిగ్రీలైనపుడు అదే పనికి 90 డిగ్రీల దాపునకు పోవును. ఫ్యానులో దుమ్ము పేరుకొన్నచో ఇంకను పెరుగును. హద్దు మీరినపుడు వేగమును తగ్గించుకొనుటకు, తుదకు ఆగిపోవుటకు తగిన రక్షణలు నేటి చిప్పులలో ఉన్నవి. కావున వేడికి యంత్రము ఆగుట వేరు, చచ్చుట వేరు. ఆగి, చల్లారినపిదప మరల పనిచేయుచున్నచో దుమ్ము తుడిపించి, గాలి ఆడు చోట ఉంచవలెను. గేములో చిత్రముల వేగమునకు హద్దు పెట్టు ఏర్పాటున్నచో, దానిని తెర వేగమునకు సరిపోవునట్లు అమర్చుకొనుట మంచిది.

యంత్రము పూర్తిగా చెడినపుడు కొన్ని ప్రశ్నలు వేసికొనవలెను. అదే గేము అదేరకపు ఇతర యంత్రములలో నడచుచున్నదా? ఇంతకు ముందు వేరే బరువైన పనిలో ఈ యంత్రము తడబడినదా? పవర్ సప్లై తగినంత సామర్థ్యము గలదేనా? వోల్టేజిని గాని వేగమును గాని ఎవరైన చేతితో పెంచిరా? పెంచనిచో, నిర్ణీత పరిమితులలో ఏ పని అప్పగించినను తట్టుకొనవలసిన బాధ్యత యంత్రమునకున్నది. ఆ పని గేమైనను, గణితమైనను ఒకటే. ఈ సమాధానములను వ్రాసి, కొన్న రసీదుతోపాటు, గ్యారంటీ గడువులోనే తయారీదారునకు పంపవలెను. "గేము ఆడినందువలన చెడినది" అను ఒక్క మాటతో గ్యారంటీని నిరాకరించువారిని, ఆ గేము ఏ పరిమితిని మీరినదో చూపుమని అడుగుటకు కొన్నవానికి హక్కు గలదు.