బోర్డు నిండా కార్డులే, పని మాత్రం అవ్వట్లేదా?

పెద్ద ప్రాజెక్ట్‌లో ఐదారు టీమ్‌ల పనంతా ఒకే జిరా బోర్డులో పెడితే స్క్రోల్ చేయడమే ఒక పనైపోతుంది. టీమ్‌కో బోర్డు, పైన ఎపిక్‌లకు మాత్రం ఒక ఉమ్మడి బోర్డు చాలు. కానీ అసలు చిక్కంతా ‘ఇన్ ప్రోగ్రెస్’ కాలమ్‌లోనే ఉంటుంది.

లెక్క సింపుల్. అందులో 30 కార్డులుండి, వారానికి 5 పూర్తవుతుంటే, ఒక్కో కార్డుకు సగటున 6 వారాలు పడుతుంది. అదే స్పీడ్‌లో 10 కార్డులే ఉంటే 2 వారాలు! దీన్నే లిటిల్స్ లా అంటారు.

బోర్డ్ సెట్టింగ్స్‌లో ఆ కాలమ్‌కి మ్యాగ్జిమమ్ పెట్టండి. దాటితే కాలమ్ ఎర్రగా మారుతుంది, అంతే. కార్డును మాత్రం ఆపదు. ఆపాల్సింది మీరే: కొత్తది మొదలుపెట్టే బదులు, రివ్యూలో ఇరుక్కున్న పక్కవాళ్ల కార్డు పట్టుకోండి. ఖాళీగా ఉన్నారని మేనేజర్ అడిగితే ఈ లెక్కే చూపించండి.